నీళ్ళు ఎటునుంచి వస్తాయో ఎవరూ నేర్పలేదు

భూములూ ఇళ్ళస్థలాలూ అమ్మించే పనిలోకి కొత్తగా దిగేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నోటినిండా మాటలు, అన్నీ ఉంటాయి. ఒక కుటుంబం జన్మంతా కూడబెట్టుకున్నది తమ మాట మీద చేతులు మారుతుందని మాత్రం వాళ్ళకి ఎవరూ చెప్పి పంపరు. సైకిలు షాపులో పంక్చరు వేయడానికి కూడా కొన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తారు. మా పనికి ఆ పాటి శిక్షణ కూడా లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నేను తెనాలిలో ఉంటూ రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చాలా ఏళ్ళు ఈ పని చేశాను. జనం మమ్మల్ని ఎదురుగా మధ్యవర్తిగారూ అని, పక్కకి తిరిగి బ్రోకరు అనీ అనేవాళ్ళు. రెండింటికీ అలవాటు పడ్డాను. ఎన్ని బేరాలు కుదిర్చానో, ఎంత పేరు తెచ్చుకున్నానో ఇక్కడ రాయబోవడం లేదు. ఈ పని ఏమిటో నాకు తెలిసొచ్చింది ఒక్క బేరంలో. దాని గురించి రాస్తాను. కొత్తవాళ్ళు చదివి కాస్త భయపడితే నా పని అయినట్టే.

మా గురువుగారి బడి

అరవైల్లో నేను పానకాలరావు గారి దగ్గర చేరాను. తెనాలిలో ఆయన్ని తెలియని రైతు ఉండేవాడు కాదు. ఆఫీసంటూ ఏమీ లేదు. స్టేషను దగ్గర కాఫీ హోటల్లో గోడవారనున్న బల్లే ఆయన ఆఫీసు. మా నాన్న రైసు మిల్లులో గుమాస్తా కాబట్టి నాకు ధాన్యం బస్తాలో తెలుసు గానీ చేలో తెలియదు. ఆ మాటే చెబితే పానకాలరావు గారు, "చేను తెలియక్కర్లేదోయ్, పార్టీ తెలిస్తే చాలు" అన్నారు. కొనేవాడూ పార్టీయే, అమ్మేవాడూ పార్టీయే. మా భాషలో మనుషులకి అంతకుమించి పేరుండేది కాదు.

ఆయన నేర్పిన పాఠాలు నాకు బాగా గుర్తే. పార్టీ ముందు నోరు మెదపకు. కొనేవాడు కాఫీ ఇప్పిస్తానంటే తాగు, టిఫిన్ అంటే వద్దను. బేరం బయటికి పొక్కనీయకు. అన్నిటికన్నా ముఖ్యం, చేను చూపించేది మార్గశిరంలోనే. పైరు కంకి మీదుంటుంది, ఎటు చూసినా బంగారంలా ఉంటుంది, ఎవడికైనా మనసవుతుంది. నిజాంపట్నం వైపు చవిటి నేలలు కూడా వానలు పడిన రోజుల్లో పచ్చగానే కనబడతాయి. ఎండాకాలంలో చూస్తే అదే నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. అందుకే ఎండాకాలంలో ఆయన చేలు చూపించేవారు కాదు. అది మోసమని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. పెళ్ళిచూపులకి పిల్లకి పట్టుచీర కట్టడం లాంటిదే అనేవారు.

ఆయన చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. మనిషి ముఖం చూసి మనసులో ఏముందో చెప్పేవారు. కొట్టుకోవడానికి సిద్ధమైన అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి ఒప్పించడం నేను కళ్ళారా చూశాను. కానీ భూమి గురించి ఆయనకి తెలిసింది అమ్మకమూ కొనుగోలూ మాత్రమే. ఆయనకీ ఎవరూ నేర్పలేదు కదా!

మాణిక్యమ్మ అడిగిన ప్రశ్న

చీరాల దగ్గర్నుంచి నాగలింగమనే నేత పనివాడు మా దగ్గరికొచ్చాడు. వెంట భార్య మాణిక్యమ్మ. మరమగ్గాలొచ్చాక చేతిమగ్గం మీద కుటుంబం గడవడం కష్టమైపోయింది. కొడుకులు మగ్గం గుంటలో కాలు పెట్టేది లేదన్నారు. ఉన్నవన్నీ అమ్మి, మాణిక్యమ్మ పుట్టింటివాళ్ళున్న రేపల్లె వైపు కాస్త మాగాణి కొనుక్కుని బతుకుదామని వాళ్ళ ఆలోచన.

అదే సమయానికి శేషగిరిరావనే ఆయన రేపల్లె దగ్గర తన వాటా చేను అమ్మేసి బాపట్లలో ఎరువుల కొట్టు పెట్టుకోవాలని చూస్తున్నాడు. తరతరాలుగా వ్యవసాయం చేస్తున్న కుటుంబం. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. పానకాలరావు గారు రెండు పార్టీల్నీ కలిపి మార్గశిరంలో చేను చూపించారు. నాగలింగం వరి కంకిని చూడలేదు. వంగి గట్టు మీది మట్టి కాస్త తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, నూలు నాణ్యం చూసినట్టు చూశాడు. పానకాలరావు గారు నావైపు తిరిగి కన్నుకొట్టారు.

తెనాలిలో మా కాఫీ హోటల్ బల్ల దగ్గరే అగ్రిమెంటు రాసుకున్నారు. నాగలింగం బయానా ఇచ్చాడు. పంట శేషగిరిరావు తీసుకుంటాడు, తర్వాత వేసే మినుములు కూడా ఆయనవే, ఆ పైన రిజిస్ట్రేషన్ అని మాట. అంతా లేవబోతుంటే మాణిక్యమ్మ అడిగింది.

"అయ్యగారూ, ఆ చేనికి నీళ్ళు ఎటునుంచి వస్తాయండి?"

పానకాలరావు గారు పకపకా నవ్వారు. "కృష్ణమ్మ నుంచి తల్లీ! ఇంకెక్కణ్ణుంచొస్తాయి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. శేషగిరిరావు కూడా నవ్వాడు గానీ వెంటనే కండువా సర్దుకుని వెళ్ళడానికి లేచాడు. మాణిక్యమ్మ మాత్రం సిగ్గుపడి, "నూలుకి రంగులేసేటప్పుడు ఏ బావి నీళ్ళో చూసుకుంటామండి. ఆ అలవాటుకొద్దీ అడిగాను" అంది. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఎండలో కనపడిన చేను

మినుములు తీసేశాక, కొలతలు వేయించమని పానకాలరావు గారు నన్ను సర్వేయరుతో పంపించారు. ఎండాకాలంలో చేను చూడటం నాకదే మొదటిసారి. నేలంతా నెర్రెలిచ్చి ఉంది. గడ్డి ఎండిపోయి గట్లన్నీ బోసిగా కనబడుతున్నాయి. సర్వేయరు గొలుసు లాగుతుంటే నేను గట్టు వెంబడే నడుస్తున్నాను. ఏం చూడాలో నాకు తెలియదు. తోచక మాణిక్యమ్మ ప్రశ్న గుర్తొచ్చి, నీళ్ళు ఎటునుంచి వస్తాయా అని చూడటం మొదలుపెట్టాను.

మూడు వైపులా గట్టు గట్టిగా ఉంది. కింది వైపున మురుగు కాలువ. అది చేలో నీళ్ళు పోవడానికేగానీ పెట్టడానికి పనికిరాదు, సముద్రం పోటుకి ఉప్పెక్కుతుంది. కాలువ నీళ్ళు చేలకి తెచ్చే పంటబోదె ఎక్కడా ఈ చేనిని తాకడంలేదు. పై చేనికి అవతల ఎక్కడో ఉంది. ఆ పై చేనికీ దీనికీ మధ్యనున్న గట్టులో ఒక్కచోట మాత్రం గండి ఉంది. ఏళ్ళతరబడి నీళ్ళు పారి పారి దాని అంచులు నున్నగా అరిగిపోయాయి. అంటే ఈ చేనికి నీళ్ళు పై చేను మీదుగా రావాల్సిందే. ఇంకో దారి లేదు.

అంతలో పై చేనుగలాయన వచ్చాడు. శేషగిరిరావు అన్న కోటయ్య. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర.

"కొలతలు ఎందుకయ్యా? మా తమ్ముడు రాలేదా?"

సర్వేయరు, "ఊరికేనండి, హద్దులు చూసుకుందామని" అన్నాడు. తమ్ముడు చేను అమ్ముతున్న సంగతి అన్నకి తెలియదని అప్పుడర్థమైంది. అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

"ఈ గండి ఎవరిదండి?"

"ఎవరిదేంటి? నా గట్టు, నా గండి. నా నాట్లు అయ్యాక తమ్ముడికి నీళ్ళొదులుతాను. తమ్ముడు కాబట్టి వదులుతున్నా. పరాయోడైతే నా గట్టు మీద పార పడనిస్తానా?"

డెల్టాలో అదీ పద్ధతి. బోదె పక్కనలేని చేలకి పై చేనువాడి మంచితనం మీదే నీళ్ళు. అన్నదమ్ములు పంచుకున్న చేలలో అది ఏ కాగితంలోనూ రాసుకోరు, రాసుకోవాలన్న ఆలోచన కూడా రాదు. అందుకే చేను అమ్మదలచుకున్నవాడు ముందు వాటాదారుని అడగాలి. నువ్వు కొంటావా అని అడిగి, అతను కాదంటేనే బయటివాళ్ళకి అమ్మాలి. శేషగిరిరావు అడగలేదు. మా గురువుగారు అడగనివ్వలేదు. బేరం బయటికి పొక్కకూడదు కదా!

తిరిగి తెనాలి రైలెక్కి దారంతా లెక్కలేసుకున్నాను. కోటయ్యకి చెబితే బేరం చెడుతుంది. నాగలింగానికి చెప్పినా చెడుతుంది. ఎవరికీ చెప్పకపోతే నాట్ల వేళకి ఆ నేతాయన గట్టు మీద నిలబడి ఎండిపోయే నారుని చూసుకుంటూ ఉంటాడు. మరి బేరం చెడితే మాత్రం ఆయన బాగుపడతాడా? బయానా పోతుంది. మగ్గాలు అప్పటికే అమ్మేశారు.

పానకాలరావు గారికి చెప్పాను. ఆయన కాఫీ చల్లార్చుకుంటూ విన్నారు.

"మనం అమ్మించేది భూమోయ్. నీళ్ళు మన పని కాదు."

"నీళ్ళు లేకపోతే అది భూమెలా అవుతుందండి?"

"నువ్వు వ్యవసాయం చేస్తున్నావా, నా దగ్గర పని చేస్తున్నావా?"

రిజిస్ట్రేషన్ దాకా నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ జ్వరమేమోనని నుదురు తాకి చూసేది. ఇలాంటప్పుడు ఏం చేయాలో అడుగుదామంటే ఈ పనిలో నాకు తెలిసిన పెద్ద పానకాలరావు గారొక్కరే. ఆయన చెప్పాల్సింది చెప్పేశారు. కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఈ పనిలో భయం ఒంటరిగా వస్తుంది, పక్కన ఎవరూ ఉండరు.

రిజిస్ట్రారాఫీసు వసారాలో

రేపల్లె రిజిస్ట్రారాఫీసు వసారాలో అందరం కలిశాం. దస్తావేజు రాయడం అయిపోయింది. శేషగిరిరావు సంతకం పెట్టడమే తరువాయి. నాగలింగం డబ్బు సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మాణిక్యమ్మ నన్ను చూసి నవ్వింది.

"గుంటలు పూడ్చేశాం బాబూ. మగ్గాలు పోయాక గుంటలు బోసిగా కనబడుతుంటే మా ఆయనకి నిద్ర పట్టడంలేదు. మట్టి పోసి అలికేశాను."

ఎదురుగా పానకాలరావు గారు కళ్ళతోనే నోరు మెదపకు అంటున్నారు.

"అమ్మా," అన్నాను. "ఆ రోజు మీరడిగారు కదా, నీళ్ళు ఎటునుంచి వస్తాయని. వీరి అన్నగారి చేలోంచి వస్తాయి. వేరే దారి లేదు. ఆయనకి ఈ అమ్మకం సంగతి తెలియదు."

పానకాలరావు గారు లేచి చెప్పులేసుకున్నారు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అని వసారా దిగి వెళ్ళిపోయారు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన మామూలుగా చెప్పి వెళ్ళారు.

నాగలింగం సంచీ మీంచి చేతులు తీయలేదు. శేషగిరిరావు తలొంచుకుని, "అన్నయ్యనడిగితే అమ్మనివ్వడండి. నా కొట్టు సంగతి అసలే ఆయనకి ఇష్టం లేదు" అన్నాడు.

మాణిక్యమ్మే ముందు తేరుకుంది. "అడక్కుండానే అమ్మనివ్వరని ఎలా అంటారండి? మీ అన్నగారి దగ్గరికి పదండి. ఆయన సరేనంటే కొంటాం. కాదంటే బయానా పోయిందనుకుంటాం."

"పోయాక ఏం చేస్తాం?" అన్నాడు నాగలింగం. ఆయన మాట్లాడటం నేను విన్నది ఆ పూటకి అదే మొదలు. ఆవిడ అప్పటికే వసారా దిగి నడుస్తోంది.

కోటయ్య మాట

జట్కా మాట్లాడుకుని కోటయ్యగారి ఊరు వెళ్ళాం. ఆయన చావిట్లో పశువులకి గడ్డి వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, వెనక తమ్ముణ్ణి చూసి, సంగతి సగం అర్థం చేసుకున్నాడు. మిగతా సగం నేను చెప్పాను. ఆయన వింటూనే గడ్డి వేయడం పూర్తి చేశాడు. తర్వాత చేతులు దులుపుకుని తమ్ముడివైపు తిరిగాడు.

"అమ్ముకోవాలనుంటే అమ్ముకోరా. కొట్టు పెట్టుకుంటావో, ఇంకేం పెట్టుకుంటావో నీ ఇష్టం. నాకు చెప్పి అమ్ముకో. రేపు నేను నీళ్ళు ఆపేస్తే ఊరంతా ఎవర్నంటారు? నన్నంటారు. నన్ను దొంగని చేసి పోదామనుకున్నావా?"

శేషగిరిరావు ఏడ్చాడు. అంత పెద్దమనిషి గడ్డివామి పక్కన నిలబడి ఏడుస్తుంటే ఎటు చూడాలో మాకు తెలియలేదు. మాణిక్యమ్మ తన సంచీలోంచి పంచెల చాపు తీసి కోటయ్య ముందు మంచం మీద పెట్టింది.

"మా మగ్గం మీద కడసారి దిగిందండి, అన్నయ్యగారూ. తీసుకోండి."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "తీసుకుంటే నీళ్ళు అమ్ముకున్నట్టవుతుందమ్మా" అన్నాడు. తర్వాత నాగలింగాన్ని అడిగాడు. "ఎప్పుడైనా నాగలి పట్టావా?"

"లేదండి."

"నారు పోశావా?"

"లేదండి."

"మరి చేనెందుకయ్యా కొంటున్నావు?"

నాగలింగం తన చేతులవైపు చూసుకున్నాడు. "ఇంకో పని రాదండి. ఇదైనా నేర్చుకుందామని."

కోటయ్య కూడా ఆ చేతులవైపే చూశాడు. "నీళ్ళొక్కటి వదిలితే నువ్వు బాగుపడేలా లేవు. దమ్ము చేయించడం కూడా నేనే చూపించాలి" అన్నాడు. "సరే, కొనుక్కో. నా నాట్లు అయ్యాక నీకు నీళ్ళొస్తాయి."

నా ప్రాణం లేచొచ్చింది. కానీ భయం పోలేదు. "ఆ మాట దస్తావేజులో రాయిస్తే..." అని మొదలెట్టాను.

"రాయమంటే ఇప్పుడే లేచి వెళ్ళండి" అన్నాడాయన. "నా మాట చాలకపోతే నా నీళ్ళూ వద్దు."

మర్నాడు రిజిస్ట్రేషన్ జరిగింది. కాగితం మీద నేల ఉంది, నాలుగు హద్దులున్నాయి, నీళ్ళు లేవు. నీళ్ళు ఒక మనిషి నోట్లో ఉన్నాయి.

సంతకాల తర్వాత

బేరం అయిపోతే బ్రోకరు పని అయిపోయిందనేవారు పానకాలరావు గారు. నాకక్కడే భయం మొదలైంది. సొంతంగా పని పెట్టుకున్నాను. బాపట్లలో ఇళ్ళు, రేపల్లెలో చేలు, ఏ బేరం చూసినా మొదట ఎండలో వెళ్ళేవాణ్ణి. పక్కవాళ్ళతో మాట్లాడకుండా అగ్రిమెంటు రాయించేవాణ్ణి కాదు. దానివల్ల కొన్ని బేరాలు పోయాయి. పోనీ అనుకున్నాను. నీళ్ళ దారీ నడక దారీ కుదిరితే రాయించేవాణ్ణి. కుదరనిచోట కొనేవాళ్ళకి ఆ సంగతి విప్పి చెప్పేవాణ్ణి. ఇవన్నీ పుస్తకం పెట్టి నేర్పొచ్చు. ఎవరైనా నేర్పితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

నేర్పడానికి కుదరనిది ఇంకోటుంది. ఏటా కాలువలకి నీళ్ళొదిలి, కోటయ్య నాట్లు అయ్యే వేళకి నేను రేపల్లె రైలెక్కేవాణ్ణి. పనుందని మా ఆవిడకి చెప్పేవాణ్ణి. నిజానికి నాగలింగం చేను గట్టు మీదికి వెళ్ళి గండి తెరిచారా లేదా చూసి రావడమే నా పని. కోటయ్య తన చేలోంచి నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వేవాడు.

"ఏవయ్యా బ్రోకరూ, మళ్ళీ వచ్చావా? నా మాట మీద నమ్మకం లేదా?"

"ఇటు పనుండి వచ్చానండి."

"పనా? మోకాలి లోతు బురదలో నీకేం పనయ్యా?"

నాగలింగం మొదటి ఏడు నారు వంకరటింకరగా నాటించాడు. రెండో ఏటికి వరసలు మగ్గం మీద నేసినట్టు ఉన్నాయని కోటయ్యే మెచ్చుకున్నాడు. ఒకసారి తెనాలి స్టేషనులో పానకాలరావు గారు ఎదురుపడ్డారు. మాట్లాడతారనుకోలేదు. పక్కన నిలబడి, రైలు వచ్చే వైపు చూస్తూ, "ఆ చేనికి నీళ్ళొస్తున్నాయా?" అని అడిగారు. వస్తున్నాయండి అన్నాను. మంచిదన్నారు. ఆయనకీ నిద్ర పట్టని రోజులున్నాయేమోనని నాకప్పుడు అనిపించింది.

డెబ్భైల్లో ఒక ఎండాకాలం కోటయ్య పోయాడని తెలిసింది. మనిషి పోయాడన్న బాధ కన్నా ముందు ఆయన మాట ఏమవుతుందన్న భయమే వచ్చింది. అలా వచ్చినందుకు సిగ్గుపడ్డాను కూడా. ఆయన కొడుకు సుబ్బారావు ఎవరితోనూ కలవని మనిషని ఊళ్ళో అనుకునేవాళ్ళు. తండ్రి మాట కొడుకుని కట్టేస్తుందని ఏ దస్తావేజులో ఉంది? నేనే రాయించలేకపోయాను.

ఆ ఏడు అటువైపు నారు పీకడం మొదలుపెట్టారని వినగానే బయల్దేరాను. నాట్లు అయ్యేదాకా ఆగలేకపోయాను. రేపల్లెలో దిగి, జట్కా దొరక్కపోతే నడిచాను. దారిలో అన్నీ ముందే అనుకున్నాను. గండి పూడ్చేసి ఉంటే సుబ్బారావుతో ఏం మాట్లాడాలి, నాగలింగానికి ముఖం ఎలా చూపించాలి, ఈ వయసులో వాళ్ళు మళ్ళీ ఎక్కడికి పోతారు.

సుబ్బారావు గట్టు మీద పారతో నిలబడి ఉన్నాడు. అతని చేలో ఇంకా నాట్లు పడలేదు. కానీ గండి తెరిచి ఉంది. నీళ్ళు నాగలింగం చేలోకి గలగలా పోతున్నాయి. అవతలి గట్టు మీద మాణిక్యమ్మ నారుకట్టలు దించుతోంది.

నేను ఆయాసపడుతూ గట్టు మీద ఆగాను. సుబ్బారావు నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరేనా బ్రోకరుగారు?"

"అవునండి."

"పోయేముందు మా నాన్న చెప్పాడండి. 'ఏటా నాట్లప్పుడు తెనాలి నుంచి బ్రోకరు వస్తాడ్రా. ఈ ఏడు నేనుండనని కంగారుపడి ముందే వస్తాడు. మన నాట్లు అయ్యేదాకా ఆపకు, ఆయనొచ్చేసరికి గండి తీసి ఉంచు' అన్నాడు." పార పక్కకి పెట్టి, బురదలో జారకుండా నాకు చెయ్యందించాడు. "రండి, దగ్గరికొచ్చి చూసుకోండి."